వార్డుకు, కోర్టుకు, గనికి కావాల్సిన ఇంగ్లిష్ మాకెవరు నేర్పుతారు?

తెలంగాణ ఉన్నత విద్యామండలికి, కాకతీయ విశ్వవిద్యాలయ ఇంగ్లిష్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకు, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయ అధికారులకు

నమస్కారం.

ఉత్తర తెలంగాణ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లం దాదాపు అందరం ఒకే దారిన వచ్చినవాళ్లం. ఎంఏ ఇంగ్లిష్ చేస్తాం. ఎలిజబెతన్ నాటకం నుంచి పోస్ట్ కలోనియల్ నవల దాకా చదువుతాం. లెక్చరరు అర్హతకు నెట్టో సెట్టో రాస్తాం, వీలైతే పీహెచ్‌డీలో చేరతాం. ఆ తర్వాత ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడ చేరిపోతాం: ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా, అగ్రికల్చర్, పాలిటెక్నిక్. చేరిన రోజు చేతిలో టైంటేబుల్, పాఠ్యపుస్తకం పెడతారు. ఎదురుగా కూర్చున్న పిల్ల నాలుగేళ్ల తర్వాత ఇంగ్లిష్‌తో ఏం పని చేయబోతోందో ఎవరూ చెప్పరు. అది తెలుసుకోవాలన్న మాట మా చదువులోనూ పెద్దగా వినపడలేదు.

ఆ పని ఏమిటో వెళ్లి కనిపెట్టి, దానికి తగిన పాఠం తయారుచేసుకునే శిక్షణ మాకు ఇప్పించండని అడగడానికే ఈ లేఖ. ఇంగ్లిష్ బోధించేవాళ్లు దీన్ని ఈఎస్‌పీ అంటారు, అంటే ఇంగ్లిష్ ఫర్ స్పెసిఫిక్ పర్పసెస్. ఇదేం నిన్న మొన్న పుట్టిన సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్సూ వ్యాపారమూ ఇంగ్లిష్ వైపు మొగ్గాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత గల్ఫ్ దేశాల్లో డబ్బు పోగుపడింది, దాని వెనకాలే పాశ్చాత్య నిపుణులు దిగారు. వాళ్లతో కలిసి పనిచేయాల్సిన స్థానికులకు షెల్ఫులో పెట్టుకునే ఇంగ్లిష్ అక్కర్లేదు, పని నడిపే ఇంగ్లిష్ కావాలి, అదీ తొందరగా కావాలి. ఈఎస్‌పీ ఒక రంగంగా ఊపందుకున్నది ఆ రోజుల్లోనే. (అదే చమురు డబ్బు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మనవాళ్లను దుబాయికి, మస్కట్‌కు లాక్కుపోయింది. వాళ్లు సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లో ఏముందో చదివి చెప్పే ఇంగ్లిష్ మాత్రం మన ఊళ్లకు ఈ రోజుకూ సరిగా రాలేదు. దానికి ఇంకో లేఖ రాయాలి.)

ముందు నర్సింగ్ చూద్దాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బీఎస్సీ సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లోనే కమ్యూనికేటివ్ ఇంగ్లిష్‌కు 40 గంటలున్నాయి. తక్కువేం కాదు. ఆ గంటలు మన కాలేజీల్లో ఎలా గడుస్తాయో మీకు తెలియంది కాదు. ఒక వారం సెల్ఫ్ ఇంట్రడక్షన్. తర్వాత ‘జామ్’ అని ముద్దుగా పిలుచుకునే జస్ట్ ఎ మినిట్. టెన్సెస్, ఆర్టికల్స్, యాక్టివ్ వాయిస్ పాసివ్ వాయిస్. ఆఖర్న ఒక గ్రూప్ డిస్కషన్: సోషల్ మీడియా మంచిదా చెడ్డదా? ఇంజనీరింగ్ క్లాసులోనూ ఇదే, లా క్లాసులోనూ ఇదే. చెప్పే మాస్టారు మంచివాడే, కష్టపడేవాడే. ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే సరుకు.

ఇప్పుడు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి వార్డులో ఒక స్టాఫ్ నర్సు చేసే పని చూడండి. ములుగు వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ మంచం మీద పడుకుని ‘రాత్రి నుంచి కడుపుల దేవుతాంది బిడ్డా, రెండుమార్లు కక్కిన, లేస్తే కండ్లు తిరుగుతానయ్’ అంటది. నర్సు ఆమెతో తెలుగులో మాట్లాడుతూనే కేస్‌షీట్‌లో ఇంగ్లిష్‌లో ఎక్కించాలి: ఎప్పట్నుంచి, ఎన్నిసార్లు, బీపీ ఎంత, డ్యూటీ డాక్టరుకు ఎన్ని గంటలకు చెప్పింది, ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చింది, ఇచ్చాక ఎలా ఉంది. తన అభిప్రాయం కలపకూడదు. కన్నదీ విన్నదీ వేరుగా కనపడాలి. అదే సంగతి డాక్టరుకు ఫోన్‌లో చెప్పేటప్పుడు వరస మారిపోతుంది, ప్రాణం మీదికి వచ్చేది ముందు, మిగతాది తర్వాత. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి నర్సుకు అప్పజెప్పే తీరు ఇంకొకటి, సగం తెలుగు, సగం ఇంగ్లిష్, నాలుగు ముక్కల్లో తేలిపోవాలి. ఒకే పెద్దమ్మ, ఒకే బాధ, మూడు రకాల భాష. ఈ మూడింట్లో ఒక్కటీ మా 40 గంటల్లో లేదు. ఉండాలని మాకు తట్టదు, ఎందుకంటే మాలో చాలామంది వార్డులోకి పోయింది చుట్టాలను చూడ్డానికే.

విదేశాలకు పోదామనుకునే నర్సుల సంగతి చూస్తే ఈ లోటు ఇంకా తేటగా కనిపిస్తుంది. ఓఈటీ అనే పరీక్ష ఉంది, ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పండితుడు టిమ్ మెక్‌నమారా చేతిలో రూపుదిద్దుకుంది, ఆరోగ్య వృత్తుల వాళ్ల కోసమే. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రైటింగ్‌లో సీ ప్లస్, మిగతా మూడింట్లో, అంటే రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లో, బీ గ్రేడు వస్తే చాలంటుంది. రైటింగ్‌లో ఒక పేషెంట్ కేస్‌నోట్స్ ఇస్తారు. 5 నిమిషాలు చదువుకోవాలి, 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయాలి. కమ్యూనిటీ నర్సుకో, ఫిజియోథెరపిస్టుకో, ఇంకో ఆసుపత్రి డాక్టరుకో.

మన పిల్లలు ఇక్కడ దెబ్బతినేది గ్రామర్‌ దగ్గరని చాలామంది అనుకుంటారు. గ్రామర్ ఒక వంతు. అసలు దెబ్బ, నోట్సులో ఉన్నదంతా ఎత్తి రాసెయ్యడం. ఇరవై ఏళ్ల కింద జరిగిన అపెండిక్స్ ఆపరేషన్, మనవడి స్కూలు, ఉదయం తిన్న ఇడ్లీ, అన్నీ ఉత్తరంలోకి వస్తాయి. మోకాలి కట్టు మార్చడానికి ఇంటికి వెళ్లే నర్సుకు అపెండిక్స్‌తో పనేముంది? పేషెంటుకు ఏ యాంటీబయాటిక్ పడదో ఆమెకు ముందు తెలియాలి. అది ఎక్కడో మూడో పేరాలో మునిగిపోయి ఉంటుంది. తప్పు పిల్లలది కాదు. తెలిసిందంతా రాస్తే మార్కులు పడతాయని ఒకటో తరగతి నుంచి మనమే నూరిపోశాం. చదివేవాళ్లెవరో చూసి ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడం ఒక చదువు. అది నేర్పాలంటే నేర్పేవాడు ముందు దాన్ని చేసి చూసి ఉండాలి. ఇప్పుడది ప్రైవేటు కోచింగ్ సెంటర్ల చేతిలో ఉంది. అక్కడ వేలకు వేలు పోసి టెంప్లేట్లు బట్టీ పట్టించుకుంటున్నారు.

రెండోది రీసెర్చ్ రాత. ఇది నర్సింగ్ కంటే కూడా మాకు దగ్గరి పని, అయినా దూరంగానే ఉన్నాం. 2021-22లో మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు ఎలా విరుచుకుపడిందో వరంగల్ జిల్లాలో చెప్పాల్సిన పని లేదు. పూతంతా రాలిపోయి, తోటలకు తోటలు పీకేసుకున్న రైతులున్నారు. ఆ పురుగు మీద పనిచేసే ఒక రీసెర్చ్ స్కాలర్ పేపరు రాస్తున్నాడనుకోండి. మనవాళ్లు రాసే ఇంట్రడక్షన్ ఎలా మొదలవుతుంది? మిర్చి పోర్చుగీసు వాళ్లతో మన దేశానికి వచ్చింది, మిర్చిలో ఫలానా విటమిన్లున్నాయి, ఎనుమాముల మార్కెట్ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. రెండు పేజీలు ఇలా నడుస్తుంది. తను కొత్తగా ఏం తేల్చాడో చివరి పేరాలో, అదీ మొహమాటంగా, ఒక్క లైన్‌లో.

జాన్ స్వేల్స్ అనే ఆయన ఇలాంటి ఇంట్రడక్షన్ల మీదే ఏళ్ల తరబడి పనిచేసి, 1990లో అచ్చైన తన పుస్తకంలో అవి మూడు అడుగుల్లో నడుస్తాయని చూపించాడు. ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పడం మొదటి అడుగు. ఇప్పటిదాకా జరిగిన పనిలో మిగిలిపోయిన ఖాళీ ఎక్కడుందో పట్టిచూపడం రెండోది. ఆ ఖాళీని తను ఎలా పూడుస్తున్నాడో చెప్పడం మూడోది. మన స్కాలర్ మొదటి అడుగులోనే రెండు పేజీలు తిరుగుతాడు, రెండోది అసలు వెయ్యడు. పెద్దవాళ్ల పనిలో ఖాళీ ఉందని రాయడానికి చెయ్యి రాదు, గైడ్ ఏమనుకుంటాడోనని. ఇది ఇంగ్లిష్ సమస్యా, మన మర్యాదల సమస్యా అని అడిగితే రెండూ అంటాను. పెద్దలను నొప్పించకుండా ఖాళీని చూపించే వాక్యాలు ఇంగ్లిష్‌లో బోలెడున్నాయి. వాటిని పట్టి చూపించే వాళ్లుంటే స్కాలర్‌కు ధైర్యమొస్తుంది. కాకతీయ క్యాంపస్‌లో, నిట్‌లో, వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఇలాంటి స్కాలర్లున్నారు. వాళ్ల డ్రాఫ్టులు ఇంగ్లిష్ డిపార్ట్‌మెంటుకు వచ్చేది చివరి నిమిషంలో, ‘సార్, కొంచెం లాంగ్వేజ్ చూడండి’ అని. మేం కామాలు దిద్ది పంపిస్తాం.

కోర్టు సంగతి క్లుప్తంగా చెప్తాను. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లిష్. సుబేదారి లా కాలేజీలో చదివిన పిల్లవాడు ఏదో ఒక రోజు అక్కడికి వెళ్లాల్సిందే. వాడి దగ్గర ఆరు లైన్ల పొడుగు వాక్యం ఒకటుంటుంది, సేల్ డీడ్‌లోదో అఫిడవిట్‌లోదో. మాలాంటి వాళ్ల చేతికొస్తే ముక్కలు చేసి, చిన్న వాక్యాలు రాయమని ఎర్ర ఇంకుతో గీస్తాం. ఆ ముక్కలు చెయ్యడంలో ఒక షరతు ఒక హక్కు నుంచి ఊడిపోతే క్లయింటుకు భూమే పోవచ్చు. ఏ పొడవు అవసరమో, ఏది పాత గుమాస్తాల అలవాటో విడదీసి చెప్పాలంటే అదాలత్ దగ్గర ఒక సీనియర్ పక్కన కూర్చుని డ్రాఫ్టింగ్ చూడాలి.

ఇక గని. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో పని పర్యవేక్షించే సర్దార్, ఓవర్‌మెన్ షిఫ్టు చివర రిపోర్టు రాస్తారు. పైకప్పు ఎలా ఉంది, గ్యాస్ చూశారా, ఎక్కడ మనుషులను పోనివ్వలేదు. ఏదైనా ప్రమాదం జరిగితే ఎంక్వైరీలో ముందు తెరిచేది ఆ పుస్తకమే. సర్టిఫికెట్ పరీక్షలకు చదివే కోల్ మైన్స్ రెగ్యులేషన్స్, 2017 నిండా చట్టం ఇంగ్లిష్. డిప్లొమా పిల్లలకు మేం చెప్పేది మాత్రం సెలవు చీటీ ఎలా రాయాలన్నదే.

ఇవన్నీ చెప్పాలంటే ఇంగ్లిష్ లెక్చరర్ నర్సూ లాయరూ మైనింగ్ ఇంజనీరూ కావాలా అని అడుగుతారు. స్టాఫ్ రూముల్లో ఈ ప్రశ్న నేను తెగ విన్నాను. అక్కర్లేదు. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో టిమ్ జాన్స్, టోనీ డడ్లీ-ఎవన్స్ అనే ఇద్దరు ఇంగ్లిష్ టీచర్లు ఒక పని చేశారు, 1980లో దాన్ని అచ్చులో పెట్టారు. అక్కడ ట్రాన్స్‌పోర్టేషన్, ప్లాంట్ బయాలజీ పీజీలు చదివే విదేశీ విద్యార్థులకు లెక్చర్లు సరిగా ఎక్కడం లేదు. సబ్జెక్టు ప్రొఫెసర్ లెక్చర్‌ను టేపు చేశారు. ఇంగ్లిష్ టీచరు దాన్ని విని ప్రశ్నలు తయారుచేసుకున్నాడు. ఆ తర్వాత క్లాసులో ఇద్దరూ కలిసి కూర్చున్నారు. సబ్జెక్టులో సందేహమొస్తే ప్రొఫెసర్, భాషలో వస్తే ఇంగ్లిష్ టీచర్. విద్యార్థులకు తాము ఎక్కడ జారిపోయారో తెలిసింది, ప్రొఫెసరుకు తన మాట ఎంతవరకు అందిందో తెలిసింది. ఇంగ్లిష్ టీచరుకైతే ఆ సబ్జెక్టు మనుషులు ఎలా ఆలోచిస్తారో అందింది. దీనికి కావాల్సిందల్లా ఒక టేపు రికార్డరు, ఇద్దరు లెక్చరర్ల సఖ్యత. ఈ రోజు టేపు రికార్డరు ప్రతి జేబులోనూ ఉంది.

సఖ్యతే కష్టం, తెలుసు. ఫార్మకాలజీ సార్ క్లాసులో ఇంగ్లిష్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుంటే ఆయన ఇన్‌స్పెక్షన్ అనుకుంటారు. ప్రిన్సిపాల్‌కు అది ఏ పీరియడ్ కింద రాయాలో అర్థం కాదు, వర్క్‌లోడ్ లెక్కలో ఒకరికి రాస్తే ఇంకొకరికి పోతుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఇద్దరు కలిసి చెప్పిన క్లాసును ఇద్దరి వర్క్‌లోడ్‌లోనూ లెక్కించమని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆ ఒక్క కాగితం లేక ఎంత మంచి శిక్షణైనా మూలనపడుతుంది.

శిక్షణ ఎలా ఉండకూడదో ముందు చెప్తాను. ఐదు రోజుల ఎఫ్‌డీపీ, అదే ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం, వద్దు. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, మూడో రోజు పీపీటీ, ఆఖరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైలుకు ఆ సర్టిఫికెట్ పనికొస్తుందేమో, క్లాసుకు పనికిరాదు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసమే 1958లో పెట్టిన సంస్థ ఉంది, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం). మాలో చాలామంది అక్కడి దూరవిద్య కోర్సుల్లో టీచింగ్ మెథడ్స్ నేర్చుకున్నవాళ్లమే, ఆ మేలు మరవం. అయితే నేనడిగేది హైదరాబాద్‌కు రప్పించుకునే శిక్షణ కాదు. వరంగల్‌లో ఆసుపత్రి, కోర్టు, నిట్, మార్కెట్ యార్డు, టెక్స్‌టైల్ పార్కు, హెల్త్ యూనివర్సిటీ అన్నీ గంటలోపు దూరంలో ఉన్నాయి. శిక్షణ జరగాల్సింది అక్కడే.

మనసులో ఉన్నది ఇదీ. పనిలో ఉన్న లెక్చరర్ల కోసం కాకతీయలో ఏడాది పాటు పార్ట్‌టైమ్ డిప్లొమా పెట్టండి, ఎంఏ చివరి ఏడాదిలో అదే దారిలో ఒక ఎలెక్టివ్ పెట్టండి. థియరీ సగం కంటే తక్కువుండాలి. మిగతాదంతా ఒక్కొక్కరూ ఒక్కో పనిచోటును పట్టుకుని అక్కడ కూర్చోవడం, చూడడం, అడగడం. ఈఎస్‌పీ వాళ్లు అవసరం, లోటు, కోరిక అని మూడింటిని వేరుగా చూస్తారు, మంచి విభజన. ‘మీకేం కావాలి’ అని నర్సింగ్ పిల్లలను అడిగితే ముక్తకంఠంతో ‘స్పోకెన్ ఇంగ్లిష్’ అంటారు. అది కోరిక. వార్డు సిస్టర్‌ను అడిగితే ‘వీళ్లకు నోట్స్ రాయడం రాదు’ అంటుంది. అది అవసరం. పిల్లల రాత తెచ్చి ముందేసుకుంటే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. ఈ మూడూ విడదీయడం ఒక లెక్చరరుకు వచ్చిందంటే సగం శిక్షణ అయిపోయినట్టే. కోరికనూ పక్కన పెట్టకూడదు, పిల్లలు క్లాసుకు వచ్చేది దాని కోసమే.

తర్వాత, దొరికిన కాగితాలతో పాఠం తయారుచేయడం. పేర్లు, ఇన్‌పేషెంట్ నంబర్లు, ఊళ్లు తీసేసిన కేస్‌షీట్లు, కొట్టేసిన సర్వే నంబర్లున్న డీడ్లు. ఇందుకు ఆసుపత్రితో, బార్ అసోసియేషన్‌తో రాతపూర్వక ఒప్పందం కావాలి, పేషెంటు గోప్యత విషయంలో గట్టి నియమాలు కావాలి. ఒక్కో లెక్చరరు విడివిడిగా పోయి సూపరింటెండెంట్ గది ముందు నిలబడితే ఇది అయ్యే పని కాదు. యూనివర్సిటీ లెటర్‌హెడ్ ఉంటే అవుతుంది.

పరీక్ష మారకపోతే మాత్రం ఇదంతా దండగే. ‘కమ్యూనికేషన్‌కు అడ్డంకులేమిటో వివరించండి, 10 మార్కులు’ అని పేపర్లో వచ్చినంత కాలం పిల్లలు ఆ అడ్డంకులే బట్టీ పడతారు, మేమూ అవే డిక్టేట్ చేస్తాం. కేస్‌నోట్స్ ఇచ్చి ఉత్తరం రాయమనండి. డేటా టేబుల్ ఇచ్చి ఒక పేరా రాయమనండి. దిద్దడానికి కష్టమే, కీ పేపరుతో గంటకు నలభై స్క్రిప్టులు దిద్దలేం. దానికి వాల్యుయేషన్ రేటు కొంచెం పెంచాలి, ఆ సంగతీ మొహమాటం లేకుండా చెప్పేస్తున్నా.

సాహిత్యం వాళ్లను సర్వీసు డిపార్ట్‌మెంటుగా మార్చేస్తున్నారన్న బాధ కొందరు మిత్రులకుంది. నాకూ సాహిత్యమంటే ప్రాణం. కానీ ఒక పద్యాన్ని లైను లైనూ పట్టి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏది చెప్పకుండా వదిలేశారు అని చూడడం నేర్చుకున్న మనిషే డిశ్చార్జ్ సమ్మరీని కూడా బాగా చదవగలడని నా నమ్మకం. ఎంఏలో మాకు వచ్చిన ఆ చదివే పద్ధతి ఇందులో వృథా పోదు. మింగుడుపడనిది ఇంకొకటుంది. ఈ క్లాసులో విద్యార్థికి సబ్జెక్టు మాకంటే ఎక్కువ తెలుసు. ‘అది నాకు తెలియదమ్మా, నువ్వు చెప్పు’ అని క్లాసులో అనగలగాలి. కుర్చీ అలవాటైన వాళ్లకు అది కొత్తలో కష్టంగానే ఉంటుంది. శిక్షణలో దీనికీ కొంత చోటుండాలి.

కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్లను బయట పెట్టకండి. జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి, నర్సంపేట, అన్నిచోట్లా మెడికల్ కాలేజీలొచ్చాయి, నర్సింగ్ సీట్లు పెరిగాయి. ఈ కాలేజీల్లో ఇంగ్లిష్ క్లాసుల్లో ఎక్కువ భాగం నడిపేది వాళ్లే. రెగ్యులర్ వాళ్లకు మాత్రమే అని నోటిఫికేషన్‌లో ఒక్క లైను పడితే అసలు అవసరమున్నవాళ్లు గేటు బయటే ఉండిపోతారు.

వచ్చే విద్యా సంవత్సరం సిలబస్ కోసం బోర్డు కూర్చునేటప్పుడు ఈ ఎలెక్టివ్‌ను అజెండాలో ఒక ఐటమ్‌గా పెట్టండి. డిప్లొమాకు అనుమతులు ఆలస్యమైతే ముందు ఒక సెమిస్టర్ పైలట్‌గా నర్సింగ్ ఒక్కదానితో మొదలుపెట్టొచ్చు. హెల్త్ యూనివర్సిటీ, ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ రెండూ ఇదే ఊళ్లో ఉన్నాయి, ఉమ్మడి కమిటీకి ఐదుగురు చాలు. అందులో ఒకరు తప్పకుండా పనిలో ఉన్న వార్డు సిస్టర్ అయి ఉండాలి, రిటైరైన ప్రొఫెసర్ కాకుండా. మొదటి బ్యాచ్‌కు పదిహేను మంది లెక్చరర్ల పేర్లు మేమే ఇస్తాం. టీఏ డీఏ అడగం. వారానికి ఒక పూట ఓడీ (ఆన్ డ్యూటీ) ఇమ్మని మా ప్రిన్సిపాళ్లకు మీరొక ఉత్తరం రాస్తే చాలు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఇంగ్లిష్ లెక్చరర్